మీరు వస్తారా, రారా? సర్వేలకు చిక్కని ప్రశ్న

అమెరికా మిడ్‌టర్మ్ ఎన్నికల మీద ప్రశ్నలు పంపమంటే అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవే తీసుకున్నాను. ముందు ఒక్క మాట. మధ్యంతర ఎన్నికలు అనగానే సభ రద్దయి గడువుకు ముందే వచ్చేవని మనకు అలవాటు. ఇవి అవి కావు. అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం సగానికి వచ్చేసరికి, క్యాలెండర్ ప్రకారం జరిగేవి. ప్రతినిధుల సభలోని 435 సీట్లకూ, సెనేట్‌లో దాదాపు మూడో వంతు సీట్లకూ ఓట్లు పడతాయి. బ్యాలెట్ మీద అధ్యక్షుడి పేరు ఉండదు. అందుకే చాలామంది ఇళ్లు కదలరు, సర్వేలవాళ్ల కష్టాలు కూడా అక్కడే మొదలవుతాయి.

పోయిన వారం తెలియని నంబరు నుంచి సర్వే అంటూ ఫోన్ వచ్చింది. ఎవరికి ఓటేస్తారని ఒక్కసారి అడిగి, మిగతా టైమంతా పోయినసారి వేశారా, పోలింగ్ కేంద్రం ఎక్కడో తెలుసా, ఈసారి కచ్చితంగా వెళ్తారా అని తిప్పి తిప్పి అడిగారు. నా మీద అనుమానమా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

అనుమానమేనమ్మా, కానీ మీ ఒక్కరి మీదే కాదు, అందరి మీదా. 2014 మిడ్‌టర్మ్‌లో ఓటు హక్కుకు అర్హత ఉన్నవాళ్లలో నూటికి 37 మంది కూడా రాలేదు, 1942 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. నాలుగేళ్లు తిరిగేసరికి 2018లో అదే దేశంలో సగం మంది వచ్చారు, మిడ్‌టర్మ్‌లలో వందేళ్లకు పైగా అంత పోలింగ్ ఎరగరు. 2022లో మళ్లీ 46 శాతం దగ్గర ఆగింది. ఇప్పుడు సర్వే చేసేవాళ్ల వైపు నుంచి చూడండి. ఓటుకు అర్హులైన ప్రతి ఇద్దరిలో దాదాపు ఒకరు ఆ రోజు రారు, ఆ రానివాళ్లు ఎవరో ముందే పోల్చుకోవాలి. సూటిగా అడిగితే "నేను వెళ్లను" అని నోరు తెరిచి చెప్పేవాళ్లు తక్కువ, మొహమాటం కొద్దీ అయినా వెళ్తామనే అంటాం. అందుకే చుట్టూ తిప్పి అడుగుతారు. పోలింగ్ కేంద్రం ఎక్కడో కూడా తెలియని మనిషి కచ్చితంగా వెళ్తానంటే ఎంతవరకు నమ్మాలి చెప్పండి.

పైగా మీరు ఎవరికి వేశారన్నది రహస్యమే గానీ, ఓటు వేశారా లేదా అన్నది అక్కడి ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది. పార్టీలూ చాలా సర్వే సంస్థలూ ఆ జాబితాలు తెచ్చుకుని మీరు చెప్పినదాంతో పోల్చి చూసుకుంటాయి. ఈ వడపోతలో మిగిలినవాళ్లను "లైక్లీ ఓటర్లు" అంటారు. ఓటర్ల జాబితాలో పేరున్న అందరినీ కలిపితే "రిజిస్టర్డ్ ఓటర్లు". సర్వే వార్త కనిపిస్తే ముందు ఈ రెంటిలో ఏ లెక్క ఇచ్చారో చూడండి, ఒకే సర్వేలో కూడా ఈ రెండు అంకెలూ తేడాగా రావచ్చు.

ఎంత తేడా అంటే, 2016 అధ్యక్ష ఎన్నికల ముందు న్యూయార్క్ టైమ్స్ ఒక మంచి పని చేసింది. ఫ్లోరిడాలో 867 మందిని అడిగి, ఆ జవాబుల్ని ఉన్నవి ఉన్నట్టుగా పేరున్న నిపుణులూ బృందాలూ కలిపి నలుగురి చేతికి ఇచ్చి మీరూ లెక్క కట్టండి అంది. అవే జవాబులు, అదే మనుషులు. ఒకరికి హిల్లరీ క్లింటన్ 4 పాయింట్ల ముందు, ఒకరికి 3, ఒకరికి 1. ఇంకొకరి లెక్కలో ట్రంపే 1 పాయింటు ముందున్నారు. పత్రిక సొంత లెక్కలో క్లింటన్ ఒక్క పాయింటు ముందు. ఎవరూ తప్పుడు లెక్క కట్టలేదు. ఎవరెవరు వస్తారు, ఏ వర్గాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలి అన్న అంచనాలే వేరు. నన్నడిగితే సర్వేల గురించి తెలుసుకోవాల్సినదాంట్లో సగం ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది.

కోట్ల మంది ఓటర్లుంటే వెయ్యి మందిని అడిగి చెప్పేయడం ఎలా కుదురుతుంది?
– ఒక విద్యార్థి, న్యూజెర్సీ

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, అదే సూత్రం. కాకపోతే కుండలో మెతుకులన్నీ ఒకలాంటివే, మనుషులు కారు. అందుకే ఎంతమందిని అడిగారన్నదానికంటే ఎవరిని అడిగారన్నదే ముఖ్యం. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని మరీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఇప్పుడు ఇంకో చిక్కు, ఫోనెత్తేవాళ్లే లేరు. ప్యూ అనే పరిశోధన సంస్థ టెలిఫోన్ సర్వేలకు 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవాళ్లు, 2018కల్లా అది 6కు పడిపోయింది. ఇక "ప్లస్ ఆర్ మైనస్ 3" అని కింద చిన్న అక్షరాల్లో వేస్తారే, అసలు అంకె మూడు అటో ఇటో ఉండొచ్చని దాని అర్థం, అదీ ఒక్కో అభ్యర్థి శాతానికి. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపు అవుతుంది. 48, 45 అని చూసి సంబరపడిపోవద్దు.

2022లో రిపబ్లికన్ల ప్రభంజనం అన్నారు. ఏమీ రాలేదు. ఇంకా సర్వేల్ని నమ్మాలా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

ఆ తప్పు సర్వేల మీద వేయడం న్యాయం కాదన్నా. ఆ ఏడాది మంచి సంస్థల సర్వేలు వాస్తవానికి బాగా దగ్గరగానే వచ్చాయి. ప్రభంజనం అన్నది ఎక్కువగా టీవీ చర్చల్లో పుట్టింది. దానికీ ఒక కారణం ఉంది, మిడ్‌టర్మ్‌లో అధ్యక్షుడి పార్టీకి దెబ్బ తగలడం ఆనవాయితీ. అధ్యక్షుడు తమవాడే అయిన డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో 1994లో 54 సీట్లు, 2010లో 63 సీట్లు పోగొట్టుకున్నారు. 1998, 2002 మాత్రం అలా జరగలేదు. 2022లో రిపబ్లికన్లు 222–213తో ప్రతినిధుల సభను అంచు మీద గెలిచారు, సెనేట్ దక్కలేదు. నన్ను నిజంగా బాధపెట్టేది వేరే. "గెలిచే అవకాశం 85 శాతం" అని వేస్తే చాలామంది 85 శాతం ఓట్లు పడతాయని చదువుకుని, ఇక మనం వెళ్లి చేసేదేముందిలే అని ఆగిపోతారు. అవకాశం వేరు, ఓట్ల శాతం వేరు. వేసేవాళ్లు ఆ సంగతి పక్కనే ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది?

మా నియోజకవర్గంలో ఎవరు గెలుస్తారో సర్వే లేకుండానే తెలుసు. మంగళవారం ఆఫీసుకు సెలవు కూడా ఉండదు. నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, వర్జీనియా

వర్జీనియా నుంచే ఈ ప్రశ్న వచ్చింది కాబట్టి మీ రాష్ట్రం సంగతే చెప్తాను. 2017 నవంబరు, రాష్ట్ర దిగువ సభకు 94వ డిస్ట్రిక్ట్. మొదటి లెక్కలో రిపబ్లికన్ 10 ఓట్లతో ముందు. మళ్లీ లెక్కపెడితే డెమొక్రాట్ ఒక్క ఓటుతో ముందు. మర్నాడు జడ్జీలు ఒక బ్యాలెట్‌ను పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరి గుండ్రాలూ నింపి, ఒకదాని మీద గీత కొట్టేసి ఉంది. ఆ ఓటు రిపబ్లికన్‌దే అన్నారు. ఇద్దరికీ సరిగ్గా 11,608 చొప్పున వచ్చాయి. జనవరిలో రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ కాగితాల మీద రాసి, పాత కెమెరా ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాల్ని గిన్నెలో వేసి చీటీ తీశారు. రిపబ్లికన్ పేరు వచ్చింది, 51–49తో సభ వాళ్లదైంది. ఆ రోజు ఆఫీసు పని తెమలక ఆగిపోయినవాళ్లు ఆ డిస్ట్రిక్ట్‌లో ఎందరో ఉండి ఉంటారు, వాళ్ల గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను.

సెలవు మాట నిజమే, మంగళవారం ఓటింగ్ ఉద్యోగులకు ఇబ్బందే. మీ రాష్ట్రంలో 45 రోజుల ముందు నుంచే వెళ్లి ఓటు వేయొచ్చు, ఏ కారణమూ చూపించక్కర్లేదు. డల్లాస్ పాఠకురాలికి కూడా ఒక మాట, టెక్సస్‌లో పోలింగ్‌కు 30 రోజుల ముందే జాబితాలో పేరు ఉండాలి. ఇప్పుడే చూసుకోండమ్మా.

హెచ్‌1బీ మీద ఉన్నాను. నాకు ఓటుందా?
– ఒక పాఠకుడు, సియాటిల్

లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా లేదు, పౌరులకే. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే తొందరలో అవుననేసి సంతకం పెట్టేయకండి. పౌరులు కానివాళ్లు ఆ ఎన్నికల్లో ఓటేస్తే ఫెడరల్ నేరం, దేశం నుంచి పంపించేసే దాకా కూడా పోవచ్చు. పొరపాటున ఇప్పటికే పేరు ఎక్కి ఉంటే ఓటు వేయకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.