టెక్ సందేహాలు: ఉన్నది ఒక్కటే కీ... అదీ పోతే?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలకి ఈ వారం సెలవు. కార్ల కీల మీద మెయిల్స్ పోగుపడ్డాయి. వాటిలో నాలుగింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: 2016 మోడల్ బీఎండబ్ల్యూ 3 సిరీస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒక్క కీనే చేతికిచ్చారు. రెండోది రెండ్రోజుల్లో పంపిస్తానన్న బ్రోకర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. షోరూమ్‌లో రేటు విని కళ్లు తిరిగాయి. బయట చేస్తామనేవాళ్లు చాలా తక్కువ చెబుతున్నారు. నమ్మొచ్చా? (మియాపూర్ నుంచి ఒక పాఠకుడు)

ఆ రెండ్రోజులు ఇక రావు, ఆశ వదిలేయండి. ఉన్న కీ చేతిలో ఉండగానే రెండోది చేయించుకోండి. కీ మేకర్ల భాషలో దీన్ని 'యాడ్ కీ' అంటారు. ఉన్న ఒక్కటీ పోయాక వెళ్తే అది 'ఆల్ కీ లాస్ట్'. అప్పుడు పనీ పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. కారు కదలదు కాబట్టి టోయింగ్ ఖర్చు దానికి అదనం.

ఇక రేటు సంగతి. అంబాసిడర్ రోజుల్లో కీ అంటే గాట్లు కోసిన ఇనుప ముక్క, రోడ్డు పక్క గొడుగు కింద కూర్చున్నాయన పది నిమిషాల్లో చేసిచ్చేవాడు. మీ కారులో ఆ ముక్క పని డ్రైవర్ డోర్ తీయడం వరకే. ఇంజిన్ స్టార్ట్ అవ్వాలా వద్దా అన్నది కీ లోపలి చిప్‌కీ, కారుకీ మధ్య తేలుతుంది. కారు ప్రతిసారీ ఒక కొత్త అంకె పంపిస్తుంది. చిప్ తన దగ్గరున్న రహస్య కోడ్‌తో దాన్ని లెక్కగట్టి జవాబిస్తుంది. జవాబు తప్పితే ఇంజిన్ పలకదు. ఇదే ఇమ్మొబిలైజర్. యూరప్‌లో 1998 నాటికే కొత్త కార్లకి దీన్ని తప్పనిసరి చేశారు.

మీ మోడల్‌లో ఆ లెక్క చూసేది ఎఫ్ఈఎం లేదా బీడీసీ అనే మాడ్యూల్, అంటే కారులోని ఒక చిన్న కంప్యూటర్. అద్దాలు, లైట్లు, వైపర్లు, సెంట్రల్ లాక్ కూడా దాని చేతిలోనే ఉంటాయి. పది కీలకి సరిపడా గదులు అందులో ఉంటాయి. షోరూమ్‌వాళ్లు మీ ఆర్‌సీ, ఐడీ ప్రూఫ్ చూసి, ఛాసిస్ నంబర్ మీద కంపెనీకి ఆర్డర్ పెడతారు. తర్వాతి ఖాళీ గదికి సరిపోయేలా ముందే కోడ్ చేసిన కీ, బ్లేడు కూడా కోసి, వస్తుంది. కాస్త ఆగాలి, డబ్బూ గట్టిగానే పెట్టాలి. కానీ మాడ్యూల్‌ని ఎవరూ ముట్టుకోరు. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే మాత్రం ముందు ఆ ట్రాన్స్‌ఫర్ సంగతి చూసుకోండి.

బయటి పని ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరుండి చూశాను. కుర్రాడు ముందుగా కారు బ్యాటరీకి పవర్ సప్లై తగిలించాడు. మధ్యలో వోల్టేజీ పడిపోతే మొత్తం పాడవుతుందట. తర్వాత కాళ్ల దగ్గరి ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీసి మాడ్యూల్ బయటికి తీశాడు, మూత విప్పాడు. మినపగింజ కంటే కాస్త పెద్దగా, ఎనిమిది కాళ్లతో ఒక మెమరీ చిప్ ఉంది. దానికి క్లిప్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి డేటా చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడు ఫైళ్లూ ఒకదానితో ఒకటి పోల్చి, ఒక్క బైట్ కూడా తేడా లేదని తేలాకే రాయడం మొదలుపెట్టాడు. అంతసేపూ యజమాని టీ తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు! గంటన్నరకి కొత్త కీ పలికింది. అదే పని తొందరపడి చేసిన ఇంకో చోట, అద్దాలు కూడా పైకి లేవని కారుని చూశాను.

కాబట్టి బయట చేయించొచ్చు, మనిషిని బట్టి. "ఒరిజినల్ ఫైల్ బ్యాకప్ నాకూ ఇస్తారా? పాడైతే ఎవరిది బాధ్యత?" అని అడగండి. "ఏం కాదు సార్" అని నవ్వేస్తే అక్కణ్నుంచి వచ్చేయండి. ముందు మీ ఆర్‌సీ చూపించమని అడిగేవాడైతే నా లెక్కలో మంచివాడు.

చాలామంది మర్చిపోయే విషయం ఇంకొకటుంది. కొత్త కీ వచ్చిందని సంబరపడితే సరిపోదు, ఆ పాత రెండో కీ ఎవరి జేబులోనో ఉంది. దాని గదిని బ్లాక్ చేయమని తప్పకుండా చెప్పండి. షోరూమ్‌లో ఇది మామూలు పనే, బయటివాళ్లూ చేస్తారు. బ్లాక్ చేశాక ఆ కీతో ఇంజిన్ స్టార్ట్ అవ్వదు. కానీ దానిలోని ఇనుప బ్లేడు డ్రైవర్ డోర్ మాత్రం తీస్తుంది. డ్యాష్‌బోర్డులో పర్సు పెట్టే అలవాటుంటే మానుకోండి. ఆ భయం కూడా ఉండకూడదంటే డోర్ లాక్ సిలిండర్ మార్చాలి.

రేపు కారు పోతే ఇన్సూరెన్స్‌వాళ్లు ఒరిజినల్ కీలు రెండూ అడుగుతారు. ఒక్కటే చూపిస్తే సవాలక్ష ప్రశ్నలు. కీ రానే లేదని బ్రోకర్‌తో జరిగిన వాట్సాప్ చాట్ దాచండి. పోలీసులకి ఒక కంప్లయింట్ రాసిచ్చి, దాని కాపీ కూడా దగ్గర ఉంచుకోండి. పాలసీ రెన్యువల్‌లో కీ రీప్లేస్‌మెంట్ యాడ్-ఆన్ తీసుకోవచ్చు గానీ, అది ఇకమీద పోయే కీలకే.

ప్రశ్న: బీచ్ రోడ్డులో కారు ఆపి టిఫిన్ చేసి వచ్చేసరికి 'కీ కనబడటం లేదు' అని స్క్రీన్ మీద మెసేజ్. పిల్లలతో నడిరోడ్డు మీద ఒకటే టెన్షన్. కీ జేబులోనే ఉంది! కీ పోయినట్టేనా? (విశాఖపట్నం)

తొంభై శాతం బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మెట్రో కార్డులో బ్యాటరీ ఉందా? గేటు దగ్గర పెడితే గేటే దానికి కరెంటు అందిస్తుంది. మీ కీలోని ఇమ్మొబిలైజర్ చిప్ కూడా అంతే. బ్యాటరీ కావాల్సింది దూరం నుంచి మాట్లాడటానికి. కీలో దాగున్న బ్లేడు లాగి డోర్ తీయండి, తర్వాత కీని కారు చెప్పిన చోట ఆనించండి. 3 సిరీస్‌లో స్టీరింగ్ కాలమ్ మీద కీ బొమ్మ గుర్తు ఉంటుంది. లెక్సస్, టొయోటాల్లో బ్రేక్ తొక్కి, లోగో ఉన్న వైపుని స్టార్ట్ బటన్‌కి తాకించాలి. మీ కారుకి ఎక్కడో మాన్యువల్‌లో చూసి, ఆ పేజీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. కీ, ఫోన్ ఒకే జేబులో ఉన్నా ఒక్కోసారి ఈ మెసేజ్ వస్తుంది, ముందు వాటిని విడదీసి చూడండి.

బ్యాటరీ కొనేటప్పుడు నంబర్ చూసి కొనండి. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2025 మందం 2.5 మాత్రమే. కిరాణా కొట్టులో ఉన్నదేదో పెట్టేస్తే కదులుతూ ఉంటుంది. పాత బీఎండబ్ల్యూల్లో కొన్ని కీలకి మూతే ఉండదు. లోపల రీఛార్జబుల్ బ్యాటరీని టంకం వేసి బిగించారు, కీని కారులో గుచ్చినప్పుడు ఛార్జ్ అవుతుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని పగలగొట్టిన మహానుభావుల్లో ఈ కాలమ్ రాసేవాడూ ఒకడు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం, లెక్సస్ ఈఎస్. ఆన్‌లైన్‌లో వాడిన కీలు చవగ్గా కనిపిస్తున్నాయి. కొనొచ్చా? హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గరా ఇదే కారు ఉంది, వచ్చేటప్పుడు తనకీ ఒకటి తేవచ్చా?

రెండూ వద్దు. స్మార్ట్ కీ ఒకసారి ఒక కారుకి కట్టుబడితే దాన్ని విడిపించి మళ్లీ కొత్తదానిలా చేయడం వేరే పరికరంతో జరగాల్సిన పని. చాలా చోట్ల ఆ ఖర్చు కొత్త కీ ధరకి దగ్గరగా వస్తుంది. కొత్తది కొంటే, కీ వెనక ఉన్న ఎఫ్‌సీసీ ఐడీ (రేడియో పరికరాలకి అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబర్) పాతదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. డీలర్ ఖరీదనిపిస్తే మొబైల్ లాక్‌స్మిత్‌ని పిలవండి. అయితే 'నాస్టఫ్' (NASTF) అనే అమెరికా ఆటో సర్వీస్ సంస్థ రిజిస్ట్రీలో ఉన్నారా అని అడగండి. డీలర్లు కాని బయటివాళ్లలో, కార్ల కంపెనీల సెక్యూరిటీ కోడ్‌లు అధికారికంగా అందేది అందులో నమోదైనవాళ్లకే.

అన్నయ్యకి మాత్రం చాక్లెట్లే తీసుకెళ్లండి. అమెరికా లెక్సస్ కీలు సాధారణంగా 315 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర మాట్లాడతాయి, ఇండియా కార్లు ఎక్కువగా 433 దగ్గర వింటాయి. ఫ్రీక్వెన్సీ కలవకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా డోర్ కదలదు.

ప్రశ్న: కీ ముట్టుకోకుండానే కార్లు ఎత్తుకెళ్తున్నారట. కీని స్టీలు డబ్బాలో పెట్టమంటున్నారు. నిజమేనా? (బెంగళూరు నుంచి)

నిజమే. ఒకడు మీ గుమ్మం దగ్గర, ఇంకొకడు కారు దగ్గర చెరో రేడియో పరికరంతో నిలబడితే, ఇంట్లో ఉన్న కీ పక్కనే ఉందని కారు నమ్మేస్తుంది. దీన్ని రిలే దొంగతనం అంటారు. జర్మనీ ఆటోమొబైల్ క్లబ్ ఏడీఏసీ 2016లోనే చాలా కార్ల మీద దీన్ని చేసి చూపించింది. అంతకుముందు, 2012 ప్రాంతంలో, బ్రిటన్‌లో బీఎండబ్ల్యూ దొంగలది ఇంకో దారి. అద్దం పగలగొట్టి, మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టులోంచే ఖాళీ కీకి కోడ్ ఎక్కించేసుకున్నారు. పైన చెప్పిన యాడ్ కీ పనే, ఓనర్ లేకుండా!

డబ్బా విషయానికొస్తే, వదులు మూత ఉన్నది పనికిరాకపోవచ్చు. కీ పెట్టి మూత బిగించి, ఆ డబ్బా చేత్తో పట్టుకుని కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందా, ఆ డబ్బా పోపులకి వాడుకోండి. కొత్త కీలు చాలావాటిలో మోషన్ సెన్సర్ ఉంటుంది, కాసేపు కదలకపోతే నిద్రపోతాయి. అలాంటిదైతే డబ్బా అక్కర్లేదు. లెక్సస్, టొయోటా కీలు చాలావాటిని మీరే నిద్రపుచ్చొచ్చు. లాక్ బటన్ నొక్కి పట్టి, అన్‌లాక్ రెండుసార్లు నొక్కండి. కీ మీది చిన్న లైటు నాలుగుసార్లు మిణుకుమంటే పడుకున్నట్టే. పొద్దున ఏ బటన్ నొక్కినా లేస్తుంది.