ఫ్లాట్‌పాక్‌లో రన్‌టైమ్ వెర్షన్: నంబర్ పెట్టాలా, మాస్టర్ పెట్టాలా?

ప్రశ్న: గ్నోమ్ (లినక్స్ డెస్క్‌టాప్) యాప్ ఒకటి ఫ్లాట్‌పాక్‌గా (రకరకాల లినక్స్‌ల మీద నడిచే ప్యాకేజీగా) ప్యాక్ చేస్తున్నాను. మానిఫెస్ట్‌లో (యాప్‌ని ఎలా కట్టాలో చెప్పే ఫైల్‌లో) రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావలసిన లైబ్రరీల మూట) వెర్షన్ దగ్గర 47, 48 లాంటి నంబర్ పెట్టాలా, మాస్టర్ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్) పెట్టాలా? కొత్త విడ్జెట్లన్నీ (బటన్ల లాంటి తెరమీది భాగాలు) మాస్టర్‌లో ముందే ఉంటాయి కదా?

జనానికి ఇచ్చే బిల్డ్ అయితే నంబరే పెట్టండి. ఇందులో రెండో మాట లేదు.

మాస్టర్‌తో వచ్చే చిక్కు బిల్డ్ చేసిన రోజు బయటపడదు. రన్‌టైమ్ మీ యాప్ లోపల ఉండదు. వాడేవాళ్ల మెషీన్‌లో విడిగా ఉంటుంది, విడిగానే అప్‌డేట్ అవుతుంది. 48 లాంటి బ్రాంచ్‌లోకి బగ్ ఫిక్సులు, సెక్యూరిటీ ఫిక్సులు వస్తాయి గానీ లైబ్రరీల ఏబీఐ (కంపైల్ అయిన యాప్‌కీ లైబ్రరీకీ మధ్య ఒప్పందం) కదలదు. గ్నోమ్ నైట్లీ రిపోలోని (రోజువారీ బిల్డులు దొరికే చోటు) మాస్టర్‌కి ఆ హామీ లేదు. సోమవారం మీరు లింక్ చేసిన లైబ్రరీకి గురువారం సోనేమ్ (యాప్ లైబ్రరీని వెతికే పేరు, వెర్షన్‌తో సహా) మారితే, మీరు కోడ్‌లో అక్షరం ముట్టుకోకపోయినా యాప్ విండో కూడా తెరుచుకోకుండా పడిపోతుంది. పైగా మాస్టర్ రన్‌టైమ్ ఫ్లాట్‌హబ్‌లో (ఫ్లాట్‌పాక్ యాప్‌ల స్టోర్) దొరకదు. అక్కడ పెట్టే ఉద్దేశం ఉంటే నంబర్ తప్పదు.

కొత్త విడ్జెట్ల సంగతి. టాగుల్‌గ్రూప్ అనే విడ్జెట్ కావాలనుకుందాం. అది లిబ్‌అద్వైతా (గ్నోమ్ విడ్జెట్ల లైబ్రరీ) 1.7లో వచ్చింది, అంటే గ్నోమ్ 48. మానిఫెస్ట్‌లో 47 ఉంటే మెసాన్ (బిల్డ్ చేసే పరికరం) "1.6 దొరికింది, 1.7 కావాలి" అని ఆగిపోతుంది. 1.7ని మనమే మాడ్యూల్‌గా కట్టుకుందామంటే అది జీటీకే (దాని కిందున్న లైబ్రరీ) 4.17 అడుగుతుంది, 47లో ఉన్నది 4.16. ఇక జీటీకే కూడా కట్టుకోవాలి, ఆ గొలుసు అక్కడితో తెగదు. విడ్జెట్ ఏ నంబర్‌లో వచ్చిందో ఆ నంబర్ రన్‌టైమ్ విడుదలయ్యేదాకా ఆగడమే తక్కువ పని.

నంబర్ పెట్టాక అసలు పని మొదలవుతుంది. గ్నోమ్ రన్‌టైమ్ మార్చిలో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి వస్తుంది, ఒక్కోదానికి మద్దతు సుమారు ఏడాది. దాని కిందున్న ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ ఏటా ఆగస్టులో వస్తుంది (23.08, 24.08 అనే పేర్లు అందుకే), దానికి సుమారు రెండేళ్లు. మీ యాప్‌కి జీటీకే అక్కర్లేకపోతే నేరుగా ఫ్రీడెస్క్‌టాప్ మీదే కట్టండి, సగం తిప్పలు తగ్గుతాయి.

నంబర్ పెంచడమంటే ఒక్క అంకె మార్చడమే అనుకునేవాళ్లు 46 నుంచి 47కి వెళ్లే పైథాన్ యాప్‌ని ఒకసారి చూడాలి. 46 కింద 23.08 ఉంది, అందులో పైథాన్ 3.11. 47 కింద 24.08, పైథాన్ 3.12. అంకె మార్చి బిల్డ్ కొడితే మొదట పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేది) ఆగుతుంది: "నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్". ప్యాకేజీ మానిఫెస్ట్‌లో కళ్ల ముందే ఉంటుంది, అయినా దొరకలేదంటుంది. వీల్ ఫైల్ (ముందే కట్టి ఉంచిన పైథాన్ ప్యాకేజీ) పేరులో సీపీ311, అంటే పైథాన్ 3.11 అని ఉండటమే కారణం, 3.12 దాన్ని లెక్కలోకే తీసుకోదు. చేత్తో పేరు మార్చొద్దు, లోపలి సీ ఎక్స్‌టెన్షన్ 3.11కి కంపైల్ అయింది. పైథాన్ డిపెండెన్సీల జాబితాని మానిఫెస్ట్‌కి రాసిచ్చే ఫ్లాట్‌పాక్-పిప్-జనరేటర్‌ని మళ్లీ నడపండి, రన్‌టైమ్ ఆప్షన్‌లో గ్నోమ్ ఎస్‌డీకే (బిల్డ్ చేయడానికి వాడే రన్‌టైమ్) 47 ఇచ్చి. అది ఆ ఎస్‌డీకే లోపలి పిప్‌నే వాడుతుంది కాబట్టి సరైన ఫైళ్లు వస్తాయి.

ఆ తర్వాత డిస్ట్‌యుటిల్స్ (పాత ప్యాకేజీలు కట్టడానికి వాడే పైథాన్ మాడ్యూల్) లేదని ఇంకో ఎర్రర్. 3.12లో దాన్ని తీసేశారు. పాత సెటప్ ఫైల్ ఉన్న డిపెండెన్సీకి కొత్త వెర్షన్ వెతకండి, లేకపోతే దానికి ముందు సెటప్‌టూల్స్‌ని మాడ్యూల్‌గా పెట్టండి. బిల్డ్ అయ్యాక కూడా యాప్ లేవకపోతే మానిఫెస్ట్‌లోని ఫినిష్-ఆర్గ్స్‌లో (యాప్ నడిచేటప్పటి సెట్టింగ్‌లు) పైథాన్‌పాత్ (పైథాన్ ప్యాకేజీలు వెతికే చోటు) చూడండి. ఎక్కడినుంచో కాపీ కొట్టిన "/యాప్/లిబ్/పైథాన్3.11/సైట్-ప్యాకేజెస్" అక్కడ ఉండిపోతుంది. ఆ లైనే తీసేయండి, రన్‌టైమ్ తన వెర్షన్ ఫోల్డర్‌ని తానే చూసుకుంటుంది.

రస్ట్ యాప్ అయితే పొరపాటు వేరేచోట. రస్ట్-స్టేబుల్ ఎస్‌డీకే ఎక్స్‌టెన్షన్‌ని (రస్ట్ కంపైలర్ ఇచ్చే అదనపు ప్యాకేజీ) 48 బ్రాంచ్‌లో వెతుకుతారు, ఉండదు. ఎక్స్‌టెన్షన్లు ఫ్రీడెస్క్‌టాప్ నంబర్‌తో నడుస్తాయి, 47కీ 48కీ 24.08. అనుమానం వస్తే ఫ్లాట్‌పాక్ ఇన్ఫోకి షో-మెటాడేటా ఆప్షన్ ఇచ్చి గ్నోమ్ ఎస్‌డీకేని అడగండి, చెబుతుంది.

నాకు బాధగా అనిపించేది ఒకటుంది. నంబర్ పెట్టాం కదా అని రెండేళ్లు మానిఫెస్ట్ ముఖం చూడనివాళ్లు చాలామంది. మద్దతు ముగిసిన రన్‌టైమ్ మీద యాప్ నడుస్తూనే ఉంటుంది, సెక్యూరిటీ ఫిక్సులు మాత్రం ఆగిపోతాయి. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఎండ్-ఆఫ్-లైఫ్ హెచ్చరిక వాడేవాళ్లకి కనిపిస్తుంది, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. దాన్ని ఆపగలిగేది ప్యాక్ చేసినవాళ్లే.

మాస్టర్‌కీ చోటుంది. యాప్ ఐడీ చివర డెవెల్ తగిలించి రెండో మానిఫెస్ట్ రాసుకోండి, అందులో మాస్టర్ పెట్టండి, సీఐలో (తనంతట తానే బిల్డ్ చేసే సర్వర్‌లో) రోజూ కట్టించండి. ఐడీ వేరు కాబట్టి రెండూ పక్కపక్కనే ఇన్‌స్టాల్ అవుతాయి, వచ్చే నంబర్‌లో ఏది విరుగుతుందో నెలల ముందే తెలుస్తుంది. అంతకంటే తేలికగా చూడాలంటే, ఉన్న యాప్‌నే ఫ్లాట్‌పాక్ రన్‌కి రన్‌టైమ్-వెర్షన్ ఆప్షన్ ఇచ్చి కొత్తదాని మీద నడపొచ్చు. సీ, రస్ట్ యాప్‌లకి ఇది బాగా పనికొస్తుంది. పైథాన్ నంబర్ మారే చోట మాత్రం దీన్ని నమ్మొద్దు, మళ్లీ బిల్డ్ చేసే చూడాలి.