కంప్యూటర్ సందేహాలు: పిల్లలకు మొదటి ప్రోగ్రామింగ్ భాష ఏది?

ప్రశ్న: మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు 24 మందికి రోజుకో గంట చొప్పున 20 రోజులు ప్రోగ్రామింగ్ నేర్పాలి. ల్యాబ్‌లో 8 కంప్యూటర్లున్నాయి. అన్నీ విండోస్ 7, 2 జీబీ ర్యామ్. నెట్ సరిగా రాదు. 'అన్నిటికీ మూలం సి, దాంతోనే మొదలుపెట్టండి' అంటున్నారు తోటివాళ్లు. నేను లెక్కలు చెప్తాను. ఏ భాష తీసుకోమంటారు?
- ఒక ఉపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: పైథాన్ తీసుకోండి. సి భాషను డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి. మెమరీతో నేరుగా పని చేయించే భాష అది. అందుకే ఒక అంకె తీసుకుని రెట్టింపు చేసి చూపాలన్నా హెడర్ ఫైలు, మెయిన్, శాతం గుర్తు, ఆంపర్‌శాండ్ అన్నీ కావాలి. 'ఇదెందుకు సార్?' అని పిల్లలు అడిగిన ప్రతిసారీ 'తర్వాత చెప్తా' అనాల్సొస్తుంది. పైథాన్‌లో ఆ పని రెండు లైన్లలో అయిపోతుంది, రెండు లైన్లనూ అదే రోజు వివరించొచ్చు. మొదటి భాషకు నేను చూసే కొలత ఇదొక్కటే: పిల్లలు టైపు చేసే ప్రతి గుర్తుకూ ఆ రోజే అర్థం చెప్పగలగాలి.

ముందు ఇన్‌స్టాల్ సంగతి. పైథాన్ 3.9, ఆ తర్వాతి వెర్షన్లు విండోస్ 7 లో ఎక్కవు. 3.8 ఆఖరిది, దానికీ సర్వీస్ ప్యాక్ 1 అనే విండోస్ అప్‌డేట్ ఉండాలి. అన్నిటికన్నా తేలిక థోనీ. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తవాళ్ల కోసమే తయారైన ఎడిటర్ ఇది. పైథాన్ దాంట్లోనే కలిసి వస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో పైథాన్ 3.8 ఉన్న 32 బిట్ ఇన్‌స్టాలర్ విడిగా ఉంటుంది, మీకు కావాల్సింది అదే. నెట్ ఉన్నచోట పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి దించుకుంటే ఎనిమిదింటికీ చాలు.

ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చుంటారు. ఒకరు టైపు చేయాలి, ఒకరు ఏం టైపు చేయాలో చెప్పాలి, మూడోవాళ్లు రన్ నొక్కకముందే జవాబు ఏం వస్తుందో నోటుబుక్కులో రాయాలి. పది నిమిషాలకోసారి చోట్లు మార్చండి. ఈ మూడో పనిని తీసేయొద్దు, అసలు నేర్చుకునేది అక్కడే.

మొదటి నాలుగు రోజులు టర్టిల్ బొమ్మలు గీయించండి, అంటే మనం చెప్పినట్టు తెర మీద కదులుతూ గీత గీసే తాబేలుతో. 100 ముందుకు, 90 డిగ్రీలు ఎడమకు, నాలుగుసార్లు: చతురస్రం. పంచభుజికి 72, అయిదు కోణాల నక్షత్రానికి 144. ఈ 144 ఎలా వచ్చిందో పిల్లల చేతే లెక్క కట్టించండి. చతురస్రాన్ని 10 డిగ్రీల చొప్పున తిప్పుతూ 36 సార్లు గీయిస్తే వాకిట్లో ముగ్గులా వస్తుంది, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఫైలుకు 'టర్టిల్' అనే పేరే పెట్టి సేవ్ చేస్తే పైథాన్ అసలు టర్టిల్‌ను వదిలి పిల్లల ఫైలునే తెరుస్తుంది, ఎర్రర్ వస్తుంది. ప్రతి బ్యాచ్‌లో ఇది జరిగేదే.

ఫర్ లూప్‌కు మీకు పక్కనే ఉదాహరణ ఉంది. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే రేంజ్‌లో 1, 2388 అని ఇస్తే లెక్క 2387 దగ్గరే ఆగిపోతుంది, కొండెక్కినవాడు ఆఖరి మెట్టు కిందే నిలబడిపోతాడు. రేంజ్‌లో రెండో అంకెను పైథాన్ కలపదు కాబట్టి 2389 అని ఇవ్వాలి. వంద మెట్లకోసారి కూర్చోవాలంటే ఎలా అని అడగండి. భాగిస్తే మిగిలేది చెప్పే శేషం గుర్తు, షరతు పెట్టే ఇఫ్ రెండూ ఆ ప్రశ్నతోనే వచ్చేస్తాయి.

ఎక్కువ సమయం తినేది ఇన్‌పుట్, అంటే కీబోర్డులో కొట్టింది తీసుకునే ఆదేశం. అది ఏం తెచ్చినా అక్షరాలుగానే తెస్తుంది. కిలో 20 రూపాయల మామిడికాయలు 3 కిలోలకు 3 అని కొట్టి, 20 తో గుణించమంటే 60 రాదు, 3 అనే అంకె ఇరవైసార్లు వరసగా వస్తుంది. ఎర్రర్ రాదు కాబట్టి తప్పు జరిగిందనే తెలియదు. ఇన్‌పుట్‌ను అక్షరాల నుంచి అంకెగా మార్చే ఇంట్‌లో పెట్టాలని ముందే చెప్పేయకండి. ఆ వింత బిల్లును ఒకసారి చూడనిచ్చి, తర్వాత థోనీలో వేరియబుల్స్ (విలువలకు పెట్టిన పేర్లు) కిటికీ తెరిచి చూపండి. అంకె కొటేషన్ గుర్తుల మధ్య కనిపిస్తుంది. డీబగ్ మొదలుపెట్టి ఎఫ్ 6 నొక్కుతూ పోతే ఒక్కో లైను దాటుతున్నప్పుడు విలువలు మారడం కూడా కనబడుతుంది.

మిగతావి చిన్నవే. ఇఫ్ చివర కోలన్ మరవడం, జవాబును తెర మీద చూపే ప్రింట్‌లో మొదటి అక్షరం పెద్దది కొట్టడం, వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు వంకర కొటేషన్ గుర్తులు రావడం. పాత నోట్సులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 కాలం నాటిది, పక్కన పెట్టేయండి. ఇక మీరు ముందుగా ముప్పై లెక్కలు సొంతంగా చేసి, వచ్చిన ఎర్రర్లన్నీ రాసి పెట్టుకోండి. మధ్యలో భాష మాత్రం మార్చొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరాడు, మొదటే సి ఉంది. టర్బో సి లో చేసిన లెక్కకు మైనస్ జవాబు వస్తోందట. సి మానేసి పైథాన్ నేర్చుకోమనాలా?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: సిలబస్‌లో ఉంది కాబట్టి సి నే చేయనివ్వండి, ఎడిటర్ మార్చితే చాలు. టర్బో సి 16 బిట్ల కాలం నాటి సి ఎడిటర్. అందులో పూర్ణాంకాలు దాచే ఇంట్ 32767 దాటితే తిరగబడుతుంది. 250 బెల్లం బుట్టలు, బుట్ట 200 రూపాయలు అంటే 50000 రావాలి, అది -15536 చూపిస్తుంది. కోడ్ బ్లాక్స్ అనే కొత్తకాలం ఎడిటర్ వేయించండి. డౌన్‌లోడ్‌లో 'మింగ్‌డబ్ల్యు' అని పేరులో ఉన్నదే తీసుకోవాలి, లేకపోతే కంపైలర్ (రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ భాషలోకి మార్చేది) దొరకలేదంటుంది. అందులో ఇంట్ 214 కోట్లు దాటేవరకూ పట్టుకుంటుంది. పాత ప్రోగ్రాముల్లో తెర తుడిచే క్లియర్ స్క్రీన్ లైను తీసేయాలి. ఇంకొకటి, మార్కుల సగటు. మొత్తం 250 ని 3 తో భాగిస్తే సి లో 83 మాత్రమే వస్తుంది, దశాంశాలు కావాలంటే 3.0 తో భాగించాలి.

ప్రశ్న: పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా? తెలుగు మీడియం పిల్లలకు సులువవుతుందని.
- ఒక వాలంటీర్, శ్రీకాళహస్తి

జవాబు: పెట్టొచ్చు. 'ధర', 'బరువు', 'పేరు' చక్కగా పనిచేస్తాయి. 'మార్క్‌లు' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం కీబోర్డు నుంచి వచ్చి చేరుతుంది, పైథాన్ దాన్ని ఒప్పుకోదు. 'మార్కులు' అని రాస్తే గొడవ లేదు. అక్షరాల లెక్క దగ్గర కూడా జాగ్రత్త. 'తిరుపతి' పొడవు ఎంతని అడిగితే పైథాన్ 4 అనదు, 7 అంటుంది. గుణింతపు గుర్తులు మూడింటినీ విడిగా లెక్కపెడుతుంది. 'చిత్తూరు'కు ఎంత వస్తుందో పిల్లల్ని ముందు కాగితం మీద వేయమనండి. ఒత్తు దగ్గరున్న పొల్లును కూడా లెక్కలో పట్టుకున్నవాళ్లకే 8 వస్తుంది.