క్వాంటమ్ శాటిలైట్ల వైపు వెళ్లాలంటే ఇంటర్ తర్వాత ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. శాటిలైట్లతో నడిచే క్వాంటమ్ కమ్యూనికేషన్‌లో పనిచేస్తానంటోంది. బీటెక్‌లోనే క్వాంటమ్ పేరున్న బ్రాంచి తీసుకోవాలా? (ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: అక్కర్లేదండీ. బ్రాంచి పేరు కన్నా ఆ రంగంలో పని ఎలా ఉంటుందో ముందు చూడండి.

క్వాంటమ్ కమ్యూనికేషన్‌లో సందేశాన్ని లాక్ చేసే రహస్య కీని ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) మీద పంపుతారు. దారిలో ఎవరు తొంగిచూసినా తప్పులు పెరిగి విషయం బయటపడుతుంది. చిక్కల్లా దూరంతోనే. ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌లో 100 కిలోమీటర్లు వెళ్లేసరికి నూటికి ఒక్క ఫోటాన్ మిగులుతుంది. మధ్యలో సిగ్నల్ పెంచుదామంటే క్వాంటమ్ స్థితికి కాపీ తీయడం కుదరదు. పైనుంచి పంపితే దట్టమైన గాలి దాటాల్సింది కొద్ది కిలోమీటర్లే. చైనా 2016 ఆగస్టులో మిసియస్ శాటిలైట్‌ను ప్రయోగించింది అందుకే. మరుసటి ఏడాది దాని ద్వారా కీలు పంచుకుని బీజింగ్, వియన్నా మధ్య వీడియో కాల్ నడిపారు.

అసలు కష్టం గురిలో ఉంది. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే శాటిలైట్, నేలమీది టెలిస్కోప్‌కు రాత్రిపూట అందేది కొన్ని నిమిషాలే. ఆలోగా రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, ఒంటరి ఫోటాన్లను లెక్కించాలి, తప్పులు సరిదిద్ది కీ తయారుచేయాలి. అంటే ఆప్టిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, ఎలక్ట్రానిక్స్, కోడింగ్!

మన దగ్గర అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం 2021లో 300 మీటర్ల దూరం గాలిలో ఇలా కీ పంపి చూపింది. 2023లో రూ.6,003.65 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్ లక్ష్యాల్లో శాటిలైట్ ద్వారా 2,000 కిలోమీటర్ల లింకు ఒకటి. ఉద్యోగాలు మాత్రం ఇంకా తక్కువే. బీటెక్‌తో ఆగకుండా ఎంటెక్, పీహెచ్‌డీకి ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

నా ఓటు ఈసీఈకి. ఇస్రో నోటిఫికేషన్లలో ఎక్కువగా అడిగేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్సే. కాలేజీలో క్వాంటమ్ మైనర్ (బ్రాంచితో పాటు చదివే చిన్న కోర్సు) ఉంటే అదనంగా చేయొచ్చు. ఫిజిక్స్ మీదే ప్రాణమైతే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. లేదంటే సైన్స్ కోర్సులు నడిపే కేంద్ర విద్యాసంస్థ తిరుపతి ఐసర్. కొత్తగా క్వాంటమ్ బోర్డు పెట్టిన ప్రైవేట్ కాలేజీ అయితే ఫీజు కట్టేముందు ఆప్టిక్స్ ల్యాబ్ తెరిచి చూపించమనండి.

ఐసర్‌కు జేఈఈ ర్యాంకు పనికిరాదు, ఐసర్ల సొంత ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. దాని దరఖాస్తు వేరు కాబట్టి గడువు దాటకుండా చూసుకోండి.