100 మీటర్ల ఫిల్లెట్ వెల్డ్‌కి ఎన్ని కిలోల రాడ్లు కావాలి?

ఫిల్లెట్ వెల్డ్ అంటే రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే త్రిభుజాకారపు వెల్డ్. దాని లెగ్ (మూల నుంచి ప్లేటు వెంట కొలిచే భుజం) 6 ఎంఎం, మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) అనుకుందాం. ముందు వెల్డ్‌లో నిలిచే లోహం బరువు తేల్చాలి. త్రిభుజం వైశాల్యం 6×6÷2 = 18 చదరపు ఎంఎం. అంటే మీటరుకు 18 ఘన సెంటీమీటర్లు; ఉక్కు సాంద్రత 7.85తో గుణిస్తే సుమారు 141 గ్రాములు. పైన వచ్చే ఉబ్బుకి 10 శాతం కలిపితే 155. వంద మీటర్లకి 15.5 కిలోలు.

కొనాల్సింది మాత్రం అంతకంటే ఎక్కువే. స్టిక్ రాడ్‌లో పూత స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే మడ్డి) అవుతుంది, చివరి 50 ఎంఎం ముక్క పారేస్తాం, కొంత చిమ్ముతుంది. వెల్డ్‌లోకి చేరేది 60 శాతమే అనుకుని 0.6తో భాగించండి: దాదాపు 26 కిలోలు. అదే మిగ్ (గ్యాస్ రక్షణలో వైరు ఆగకుండా అందే వెల్డింగ్) సాలిడ్ వైర్ అయితే 0.95తో, అంటే 16 కిలోల పైచిలుకు. ముక్క 100 ఎంఎం ఉండగానే పారేస్తే 350 ఎంఎం రాడ్‌లో వాడకానికి వచ్చేది 300 కాదు, 250 ఎంఎమే.

లెక్క తప్పేది ఎక్కువగా సైజు దగ్గరే. డ్రాయింగ్‌లోని 6 లెగ్గా, థ్రోటా (మూల నుంచి వెల్డ్ పైతలానికి ఉండే అతి తక్కువ మందం) చూసుకోండి. థ్రోట్ అయితే లోహం సరిగ్గా రెట్టింపు. వెల్డర్ 6కి బదులు 8 వేస్తే 78 శాతం ఎక్కువ పడుతుంది, ఎందుకంటే లోహం లెగ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్లేట్లని అంచుకి అంచు పెట్టి కలిపే బట్ జాయింట్‌లో గ్యాప్ చూడాలి: 12 ఎంఎం ప్లేటుకి 2 ఎంఎం పెరిగితే మీటరుకు 188 గ్రాములు అదనం. ఫిట్టింగ్ సరిగ్గా లేని చోట ఏ ఫార్ములా నిలవదు.