రాతికి పడేది మడతా, ముడతా?

సందేహం: పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకంలో ‘ముడుత పర్వతాలు’ అని ఉంది. ఇంట్లో మేం చొక్కా మడతపెడతాం, ముఖం ముడతలు పడిందంటాం. మరి రాతికి పడేది ఏది? మా గరివిడి వైపు కొండల్లో దొరికిన రాయొకటి (తుప్పు రంగు, మధ్యమధ్య ఎర్రగింజలు, వంకర చారలు) సైన్సు ప్రదర్శనలో పెట్టి, అట్టమీద ‘100 కోట్ల ఏళ్ళ నాటి ముడత శిల’ అని రాయించాను. తప్పుందా? – ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

సమాధానం: మాస్టారూ, రెండు మాటలూ ఒప్పే. ‘ముడుత పర్వతాలు’ పుస్తకాల్లో స్థిరపడిపోయింది, దాన్ని కదపక్కర్లేదు. రాయి చేత్తో పట్టుకుని చెప్పేటప్పుడు మాత్రం నా మొగ్గు మడత వైపే. ముడత పైపైన పడేది. మడతలో పొర దళసరి మొత్తం వంగుతుంది. లోతున వేడికి మెత్తబడ్డ రాతిలో మలుపు దగ్గర పొర లావెక్కి, పక్కలు సాగి పలచబడతాయి. మీ రాతి చారల్లో చూడండి, కనిపించవచ్చు. అయితే చొక్కాకి మడతపెట్టే మనిషి ఉంటాడు, రాతికి లేడు కనక ‘మడతపడింది’ అనాలి.

మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది ఖోండలైట్. ఎర్రగింజలు గార్నెట్ అనే ఖనిజం. ఒడిశాలోని కలహండి ప్రాంతాన్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త వాకర్ 1902లో అక్కడి ఖోండు గిరిజనుల పేరు దానికి పెట్టాడు. మీ పక్కనున్న కోడూరు మాంగనీసు గని పేరు మీద కూడా కోడూరైట్ అని ఒక రాయి ఉంది. మన ఊరి పేరు శిలాశాస్త్రంలోకి ఎక్కిందని పిల్లలకి చెప్పారో లేదో!

అసలు చిక్కు ‘నాటి’ దగ్గరుంది. మీ వాక్యంలో అది శిలకి అన్వయిస్తుంది, అంటే రాయి పుట్టి 100 కోట్ల ఏళ్ళయిందని చదువరి అనుకుంటాడు. రాయి పుట్టుక వేరు, మడతపడటం వేరు. ఖోండలైట్ మొదట నీటి అడుగున పేరుకున్న మట్టి, ఇసుక. అది భూమి లోతుకు దిగి, కాగి, నలిగి ఈ రూపానికొచ్చింది.

మడత వయసు తేల్చేవారు ముందు కొండ దగ్గరే పని మొదలుపెడతారు. దిక్సూచితో పొరల వాలు కొలుస్తారు. మడతపడిన పొరకన్నా మడత వయసులో చిన్నది. దాన్ని అడ్డంగా కోసుకుంటూ, తాను వంగకుండా పోయిన చార ఏదైనా ఉంటే దానికన్నా పెద్దది. ఆ రెండిటి వయసులూ తేలితే మడత వాటి నడుమ ఇరుక్కుంటుంది. ఇక ప్రయోగశాలలో జిర్కాన్ అనే గింజ సాక్ష్యం చెబుతుంది. అందులోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. యురేనియం-238 అయితే సగం మారడానికే సుమారు 447 కోట్ల ఏళ్ళు కావాలి. గింజ నడిమి భాగం పాత ఇసుకతో కొట్టుకొచ్చినదైతే ఇంకా పాత లెక్క చూపుతుంది. చుట్టూ పెరిగిన అంచు, రాయి కాగిన కాలం చెబుతుంది. తూర్పు కనుమల ఈ భాగంలో అలాంటి అంచులు ఎక్కువగా 95–100 కోట్ల ఏళ్ళ దగ్గర తేలాయి. 50–55 కోట్ల ఏళ్ళ నాటి మరో వేడి జాడ కూడా చాలాచోట్ల ఉంది.

కాగిన కాలమే మడత కాలమని తేలిగ్గా అనెయ్యకూడదు. ఆ వేడిలో పుట్టిన సిల్లిమనైట్ అనే ఖనిజపు సూదులు మడత నడితలానికి (మడతని రెండు పక్కలుగా విడదీసే ఊహాతలానికి) సమాంతరంగా పేరి ఉంటే, రెండూ ఒకే కాలానివని చెప్పే ధైర్యం వస్తుంది.

కాబట్టి అట్టమీద ‘మడతపడిన రాయి; సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట కాగింది’ అని మార్చండి. ‘కిందట’ ‘కాగింది’కే అన్వయిస్తుంది, రాయి పుట్టుక జోలికీ మడత వయసు జోలికీ పోదు. ఒకవేళ మీ రాతిలో మడతే మళ్ళీ వంగి కనిపిస్తే ‘రెండుసార్లు’ అని చేర్చండి. వంగినది ముందటి మడత, దాన్ని వంచినది తర్వాతది.