కార్లు రాని సైకిల్ బాట అయినా కింద చూసుకుని వెళ్లండి

సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తే బస్సు పాసు డబ్బు మిగులుతుంది, సైకిల్ బాటలోకి కార్లు కూడా రావు కదా అని ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. వెళ్లండి. నేనూ ఏళ్లుగా అలాగే వెళ్తున్నాను. అయితే ఒక్కసారి పడ్డారంటే మిగిల్చినదంతా ఆసుపత్రికే పోతుంది.

వచ్చిన కొత్తలో నా చూపంతా ఎదురుగా వచ్చేవాళ్ల మీదే ఉండేది. బాట పక్కనున్న పెద్ద చెట్టు వేరు తారు కిందికి పాకి, దాన్ని అడ్డంగా గట్టులా లేపింది. పొద్దుటి ఎండలో కొమ్మల నీడలు చారలుగా పడుతుంటే ఆ గట్టు కంటికి ఆనలేదు. ముందు చక్రం ఎగిరి, మణికట్టు మీద పడ్డాను. ఎముక విరగలేదు. అయినా ఎక్స్‌రేకూ కట్టుకూ అయిన బిల్లు సైకిల్ ధరను దాటింది. బీమా ఉందన్న ధీమా వద్దు. చాలా పాలసీల్లో మన వాటా కట్టాకే వాళ్లు ఇస్తారు. ఆ వాటా ఎంతో ఈ రాత్రే చూసుకోండి.

గట్టు కంటే బాట పొడవునా సాగే పగులు ప్రమాదం. చలి ప్రాంతాల్లో పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, వాటిని ఏటా వెడల్పు చేస్తుంది. 25 మిల్లీమీటర్ల టైరు అందులో దిగిందంటే హ్యాండిల్ తిరగదు, మనిషి పక్కకు ఒరిగిపోతాడు. తేలికగా ఉందని సన్న టైర్ల సైకిల్ కొనకండి. 40 మిల్లీమీటర్ల టైర్లు పట్టేది తీసుకోండి. రైలు పట్టాలు అడ్డొస్తే వీలైనంత లంబంగా దాటండి. తడిసిన చెక్క వంతెన, ఇనుప మూత, రాలిన ఆకులు ఉన్నచోట ముందే వేగం తగ్గించుకోవాలి. వాటి మీదికి వచ్చాక గట్టిగా బ్రేకు పట్టడం గానీ, మలుపు తిప్పడం గానీ చేయకూడదు.

హెల్మెట్, దీపాల నిబంధనలు నగరపాలక సంస్థ వెబ్‌సైటులో ఉంటాయి, చదువుకోండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. లోపలి ఫోమ్ పొర నలిగిందంటే మళ్లీ తలను కాపాడలేదు. రూపాయి రూపాయి లెక్కపెట్టే నేనే చెబుతున్నాను, ఇక్కడ పొదుపు పనికిరాదు.

గుంత కనిపిస్తే ఫోటో తీసి, చోటు గుర్తులతో నగరపాలక సంస్థకు పంపండి. కొత్తవాళ్లం, మన మాట ఎవరు వింటారని ఊరుకోవద్దు. నేను పంపిన చాలా చోట్ల ముందు హెచ్చరికగా రంగు గీత పడింది, ఆ తర్వాత మరమ్మతు కూడా జరిగింది.